తూలుడుకు మూలం

ఇరవై నాలుగేళ్ల వయసులో ఒకే ఒక్క ఇంగ్లిష్ మాటకు అర్థం చెప్పబోయి, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పట్టపగలు పరువు పోగొట్టుకున్నాను. చెప్పడం రాక కాదు, మరీ ఎక్కువ రావడం వల్ల.

అప్పట్లో ఎల్బీనగర్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ని. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఇంగ్లిష్ సార్ ఉద్యోగానికి డెమో క్లాసుకు పిలిచారు. క్లాసయ్యాక పిల్లలు చీటీల మీద అభిప్రాయం రాస్తారు, వాటిని బట్టే ఉద్యోగం. నా ధీమా ఎంతటిదంటే, డెమోకు ముందు ఆదివారమే చర్చిలో లేచి నిలబడి, దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పేశాను. అమ్మ అందరికీ లడ్డూలు పంచింది. ఇక ఆ ఉద్యోగం రాకపోతే దేవుణ్ని కూడా నా అబద్ధంలోకి లాగినట్టే.

పాఠానికి ఎవరికీ తెలియని పాత మాట ఏరుకున్నాను: స్టాకర్. ఇప్పటి స్టాగర్ అనే మాటకు తాత. అర్థం, తూలడం. దాన్ని బోర్డు మీద రాయడం మామూలు సార్లు చేసే పని. నేనే తూలుతూ క్లాసులోకి అడుగుపెడితే? పిల్లలు జన్మలో మరవరు. ఇంకా రక్తి కట్టాలని గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టాను. ఎడమకు రెండడుగులు, కుడికి మూడు, మధ్యలో గోడకొక కౌగిలి.

వాచ్‌మన్ యాదయ్య కుర్చీలోంచి లేచాడు.

“ఏంది గిట్ల, పొద్దుగాల్నే? యాడికి?”

“పైకి. క్లాసు చెప్పాలె.”

“గీ హాలత్‌ల?”

“నేను ఇంగ్లిష్ సార్‌నే అన్నా!”

“ఔ, తాగినోళ్లందరు ఇంగ్లిష్ సార్లే. పొయ్యి జర పండుకోరాదు.”

మీరైతే అక్కడితో ఆపేవారు. నేను పాత్రలో లీనమై ఉన్నాను. చివరికి తెలివి తెచ్చుకుని, నిటారుగా నడిచి చూపిద్దామనుకుంటే అప్పుడే తుడిచిన మెట్టు మీద కాలు జారింది. యాదయ్యకు ఇక రుజువు అక్కర్లేకపోయింది.

గొడవ విని పిల్లలు మూడో అంతస్తు వరండాలో బారులు తీరారు. డైరెక్టర్ గారు కిందికి దిగొచ్చారు. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు.

“ఏంటండీ మాస్టారూ ఇది? పేరెంట్స్ చూస్తున్నారండీ.”

“సార్, ఇదే పాఠం!” పైన పిల్లలకు కూడా వినపడాలని గొంతు పెంచాను. “స్టాకర్ అంటే తూలడం! ఈ మాట పడవలెక్కి ఇంగ్లండుకు వచ్చిన ఉత్తర దేశాలోళ్ల భాషలకెల్లి పుట్టింది సార్. దాని మూలం, తొయ్యడం! ఒక్కసారి కాదు, తోస్తనే ఉండాలె. అప్పుడు మనిషి తూల్తడు!”

డైరెక్టర్ గారు కళ్లజోడు తుడుచుకుని, “యాదయ్యా, జాగ్రత్తగా బయటికి పంపించెయ్” అన్నారు.

యాదయ్య జాగ్రత్తగానే తోశాడు. మొదటి తోపుకు గేటు దాటాను. రెండోదానికి ఫుట్‌పాత్ మీది పండ్ల బండిని పట్టుకున్నాను. మూడోదానికి షేర్ ఆటోలో పడ్డాను. ఆ అడుగుల్లో మాత్రం నటన రవ్వంత కూడా లేదు. “ఎల్బీనగరేనా?” అంటూ డ్రైవర్ ఆటో కదిలించాడు.

సాయంత్రం డైరెక్టర్ గారి ఫోన్.

“సారీ అండీ మాస్టారూ. మీ దగ్గర వాసనేం రాలేదని యాదయ్య తర్వాత చెప్పాడు. పిల్లలు చీటీలు కూడా రాసేశారండీ. ఆ మాట అర్థం, పుట్టుక ఒక్కరూ తప్పు రాయలేదు. ఇలాంటి డెమో నేనెప్పుడూ చూళ్లేదు.”

నా ఛాతీ ఉబ్బింది. “అయితే ఉద్యోగం నాదేనా సార్?”

“అదేనండీ చిక్కు. పాఠం ఎవరు బాగా చెప్పారంటే, అందరూ యాదయ్య సార్ అని రాశారు. ఆయన్నే పెట్టమంటున్నారు.”

ఆదివారం చర్చిలో మళ్లీ లేచి నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతూ, దేవుడిచ్చిన ఉద్యోగం యాదయ్యకు పోయిందని చెప్పాను. అమ్మ నా చొక్కా పట్టి కిందికి లాగింది. “లడ్డూలైతే తిన్నరు గద, ఇగ కూసో.”

అందుకే అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ మాటకైనా అర్థం నోటితోనే చెబుతాను. ఆర్డరు కాగితం చేతికొచ్చాకే లడ్డూలు పంచుతాను. నిఘంటువులో తన్నడం అనే అర్థమున్న మాట కనబడితే, దాని పుట్టుక జోలికి పోకుండా పేజీ తిప్పేస్తాను.