పసుపు అంటిన మొదటి కార్డు

1967 అక్టోబరు 9, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. మా చెరకు దీవిలోని రోజ్ హిల్‌లో సన్నని తుంపర, ఆగ్నేయపు గాలి. చెరకు లెక్కలు కట్టే మా కార్యాలయపు యంత్రశాలలోకి ఎనభై ఆరు కార్డుల పెట్టెతో అడుగుపెట్టాను. మా కంప్యూటరు ఫోర్ట్రాన్ భాషలోని ఆదేశాలను చిల్లుల కార్డుల మీద చదివేది. దిగుబడుల హెచ్చుతగ్గులను కొలిచే లెక్క ఆ భాషకు రాదు. దాన్ని నేర్పే అదనపు భాగమే ఈ పెట్టె, ఓడలో వచ్చింది. సాయంత్రం నాలుగింటిలోగా 214 పొలాల పట్టిక రాకుంటే ఆ పని తిరిగి చేతిలెక్కల గుమాస్తాలకు, నేను తిరిగి చెరకు కాటా దగ్గరకు. పై అధికారి మాట అది.

శనివారం రేవు నుంచి పెట్టెను మాంటాన్ బ్లాంష్‌లోని ఇంటికి తీసుకెళ్లాను. "కొత్త సామాను, బొట్టు లేకుండా పనికి పోతాదా?" అంటూ అమ్మ మొదటి కార్డుకు తడిపసుపు రాసి కుంకుమ పెట్టింది. నేను వద్దనలేదు.

ఎనిమిదీ నలభైకి యంత్రం ఆ కార్డును సగం మింగి ఆగిపోయింది. కార్డులకు చిల్లులు కొట్టే అక్క, బెల్ ఎయిర్ నుంచి బస్సులో వచ్చే ఆవిడ, దాన్ని మెల్లగా లాగి వాసన చూసింది.

"బొండ్యే, దేవుడా! తమ్ముడూ, సఫ్రాన్ పూసినావా, పసుపు? ఇది కారీ వండే మషిన్ కాదు!"

"అమ్మ పెట్టిందక్కా."

"పెట్టెలో చూడు, మసాలా కూడా పంపిందేమో!"

నాకు నవ్వు రాలేదు. ఆ భాగం పేరు ఉండేది మొదటి కార్డులోనే. అది లేకుంటే మిగిలిన ఎనభై ఐదూ వృథా. కార్డును కిటికీ వెలుగుకు పట్టి, ఎనభై నిలువు వరుసల్లోని చిల్లులను ఒక్కొక్కటిగా చదివాను. అక్క కొత్త కార్డు మీద కొట్టింది. యంత్రం దాన్నీ ఒప్పుకోలేదు. అక్క పాత కార్డును గుండుసూదితో తడిమింది. పదకొండో వరుసలో ఒక చిల్లు పసుపుతో పూడిపోయి ఉంది.

"రెండు చిల్లులుంటే ఒకటే చెప్పినావు. నీ లెక్క కూడా తప్పుతాదా తమ్ముడూ? తారీకు వేసి రాసుకో!"

రాసుకున్నాను. అక్క సరిచేసి కొట్టిన రెండో ప్రతిని కట్ట పైన ఉంచి, ఆ కట్టను ప్రధాన ఆదేశాల తరువాత, పొలాల అంకెలకు ముందు అమర్చాను. పదకొండూ ఇరవై ఐదుకు యంత్రం ఎనభై ఆరింటినీ ఆగకుండా మింగింది.

"లీ మార్షే! నడిచింది, నడిచింది!" అని అక్క చప్పట్లు కొట్టింది. చప్పుడు విని వచ్చిన అధికారి మా పచ్చని వేళ్లను చూసి పగలబడి నవ్వాడు. అప్పుడు నాకూ నవ్వొచ్చింది, చాలాసేపు ఆగలేదు.

పన్నెండు పొలాలను చేత్తో లెక్కించి సరిచూశాను. చివరి పుట మూడూ ఐదుకు వచ్చింది. నా కుర్చీ నాకే మిగిలింది. పొలాలు 214, పట్టికలో చేరినవి 214, తప్పులు సున్నా.