టైల్స్ మీద దివిటీ

దీపావళి నాడు పొద్దున్నే పార్కింగ్‌లో పెట్టుకున్న నా గోగుకాడల కట్టని మా అపార్ట్‌మెంట్ కమిటీవాళ్ళు చెత్తబండిలో వేయించేరు. నన్నడగనైనా లేదు.

రావికమతం నుంచి కూరలు తెచ్చే ఆమెకి వారం ముందే చెప్పి తెప్పించుకున్న కాడలవి. పాత పంచె చింపి, వత్తులు చేసి, నువ్వులనూనెలో నానబెట్టి ఉంచేను. చీకటి పడగానే వాటిని కాడలకి కట్టి, వెలిగించి, నేలకేసి కొట్టాలి. దివిటీ కొట్టడమంటారు దీన్ని, పోయిన పెద్దలకి దారి కనబడాలని. ఆ తర్వాత కాళ్ళు కడుక్కుని, తీపి నోట్లో వేసుకుని లోపలికి రావాలి. మా నాన్న పోయిన కాణ్ణుంచి ఒక్క ఏడు తప్పలేదు. తుఫాను వచ్చిన ఏడు కూడా చూరు కింద నిలబడి కొట్టేను.

కమిటీ సెక్రటరీ నాకు వరసకి మేనల్లుడు. లిఫ్టు దగ్గర పట్టుకున్నాను.

"ఏటిరా, నా కాడలు నిన్నేం చేసేయి?"

"పార్కింగ్ టైల్స్ మసైపోతన్నాయి మామా. నిరుటి మరకలే ఇంకా పోలేదు."

"మరి టపాసులకి మసి ఉండదేటి?"

"అవి సరదా కదా మామా."

"నాది సరదా కాదనేనా పారేసేవు?"

నవ్వేసేడు. "రాసియ్యి మామా, కమిటీలో పెడతాను."

రాసిచ్చేను. ఐదో తరగతితో బడి మానేసి, బెల్లం మార్కెట్లో దిమ్మలు మోస్తూ, దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. రెండు పేజీలు నిండేయి. అందులో రాసిందిది: పోయిన వారం మెట్ల మీద ప్లాస్టిక్ గుమ్మడికాయల్లో దీపాలు పెట్టేరే, అవి దేనివనుకున్నారు? చలి మొదలయ్యే వేళ చచ్చినోళ్ళు తిరిగొస్తారని ఐర్లాండు వైపు పుట్టిన పండగవి. ఆ రోజుల్లోనే మెక్సికోవాళ్ళు తమవాళ్ళకి బంతిపూలు పరిచి దారి చూపిస్తారు. మన కింది ఫ్లాటులో, నర్సుగా చేసి రిటైరైన క్రైస్తవుల చెల్లెమ్మ, మొన్న రెండో తారీఖున భర్త సమాధి కడిగి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. అందరి చచ్చినోళ్ళకీ దారుంది, మా నాన్నకి మీ టైల్స్ అడ్డమా? సాయంత్రంలోగా చెప్పండి, కాడలు మళ్ళీ తెచ్చుకోవాలి, అని ముగించేను.

దీపాలు పెట్టే వేళకి ఫోన్లో జవాబు వచ్చింది:

"మామా, నీ ఉత్తరం అందరం చదివేం. చాలా విషయాలు తెలిసేయి, గ్రూపులో కూడా పెట్టేం, అందరూ మెచ్చుకున్నారు. దివిటీకి మాత్రం ఒప్పుకోలేదు. నీ బాల్కనీకి ఎల్‌ఈడీ దండ ఒకటి పంపిస్తన్నాను. తాతకి కావలసింది వెలుతురే కదా."