విన్నది మళ్ళీ చెప్పు

ఖాలా పోయిందని పోయిన వారం తమ్ముడు ఆదోని నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, ఖాలా పాయె. నిద్దర్లోనే పోయింది. మధ్యాన్నం నమాజు అయినాక తీసుకపోతారంట," అని ఆగాడు. వాడే మళ్ళీ, "విన్నది మళ్ళీ చెప్పక్కా," అన్నాడు. చెప్పాను. ఖాలా పోయిందని, మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతారని నా నోటితో నేను అన్నాక గానీ ఏడుపు రాలేదు. విన్నది మళ్ళీ చెప్పే అలవాటు మా ఇద్దరికీ ఆమె పెట్టిందే.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. ఆదోనిలో మేమున్న సందులో ఎదురింటావిడ. ఉర్దూలో ఖాలా అంటే పిన్నమ్మ. సందులో పిల్లలందరికీ ఆమె ఖాలానే. ఆమె భర్త పత్తి దలాలీ చేసేవాడు. బేరాల కోసం ఇంట్లో ఫోను పెట్టించాడు. డెబ్బైల చివర్లో మా సందు మొత్తానికి అదొక్కటే ఫోను, అంచేత అది అందరిదీ అయిపోయింది. పెళ్ళి కార్డుల మీద కూడా ఆ నంబరే వేయించి పక్కన 'పీపీ' అని పెట్టేవాళ్ళు. పక్కింటి ఫోను, పిలిస్తే వచ్చి మాట్లాడతాం అని దానర్థం. "మా ఆయన బేరాలు పొద్దున గంటసేపు, మిగతా దినమంతా మీ బేరాలే," అని ఖాలా మమ్మల్ని ఎగతాళి చేసేది.

ఫోను వీధి వైపు కిటికీ దగ్గర, నీలం గుడ్డ కప్పుకుని ఉండేది. ఎవరికైనా కబురొస్తే ఖాలా చెంచా తీసుకుని కిటికీ ఊచ మీద కొట్టేది. మా ఇంటికైతే గబగబా, టైలరు ఇంటికైతే నిదానంగా. ఎవరి మోత వాళ్ళకు తెలుసు. నేనిప్పుడు సెల్‌ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. నోటిఫికేషన్ ఎలా ఉండాలని మా ఆఫీసులో గంటల తరబడి వాదించుకుంటాం. నాకు మాత్రం ఆ చెంచానే గుర్తొస్తుంది. అది మోగిందంటే నిజంగా పనుందని అర్థం, అందుకే పొయ్యి మీద కూర ఉన్నా దించేసి పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు నా ఫోను దినమంతా మోగుతూనే ఉంటుంది, ఒక్కదానికీ లేవబుద్ధి కాదు.

తమ్ముడు పుట్టిననాటి సంగతి చెప్పకపోతే ఖాలా గురించి ఏమీ చెప్పనట్టే.

అమ్మ కాన్పుకు పుట్టిల్లు హొళగుంద వెళ్ళింది. బడి ఉందని నేను నాన్న దగ్గరే ఉండిపోయాను. అంతకుముందు కాన్పులో బిడ్డ దక్కలేదు, అమ్మ కూడా చావు తప్పించుకుని బయటపడింది. అందుకని నాన్న ఆ రోజుల్లో మనిషిలా లేడు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు నుంచి రాగానే కిటికీ దగ్గర నిలబడి, "అక్కా, ఏమన్నా కబురొచ్చిందా?" అని అడిగేవాడు. "రాలేదప్పా. వస్తే చెంచా ఇరిగేదాకా కొడతా, పోయి అన్నం తిను," అని ఖాలా తరిమేది.

ఒక సాయంత్రం చెంచా గబగబా మోగింది. నాన్న ఒంటి మీది దూది కూడా కడుక్కోలేదు, అలాగే ఉరికాడు. వెనకే నేను. ఖాలా ఊచలు పట్టుకుని నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"హొళగుంద నుంచప్పా. మీ బామ్మర్ది మాట్లాడినాడు. గండం, గండం అని అరిసినాడు. అంతలో లైను తెగిపాయె. నువ్వు బయల్దేరు, పాపను నేను సూసుకుంటా."

నేను నాన్న చేయి వదల్లేదు. ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు వచ్చి టికెట్టు అడిగితే నాన్న అతని ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు, డబ్బులు తీయాలని తోచలేదు. దారి పొడుగునా నా చేయి బిగించి పట్టుకున్నాడు. అమ్మ ఇక లేదని ఆయన అనుకుంటున్నట్టు నాకు ఆ చేతిలోనే తెలిసింది.

హొళగుందలో దిగేసరికి మామ పొట్లంలో చక్కెర పట్టుకుని ఎదురొచ్చాడు. నాన్న వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు.

"నా పెండ్లాం యాడుందిరా?"

"ఇంట్లో పండుకోనుంది బావా. ఏమాయె నీకు?"

"గండమంటివి గదరా!"

"గండమా? అయ్యో, గండు బావా! గండు! మగపిల్లోడు!"

హొళగుంద కర్ణాటక సరిహద్దు ఊరు, అమ్మ పుట్టింట్లో మాట్లాడేది కన్నడం. మామకు తెలుగు బాగానే వచ్చు, కానీ సంతోషంలో గుర్తు రాలేదు. 'గండు ఆయ్తు', మగపిల్లవాడు పుట్టాడు, అని పోస్టాఫీసు నుంచి అరిచాడు. ఖాలా కర్నూలులో పుట్టి పెరిగిన మనిషి, కన్నడం ఒక్క ముక్క రాదు. లైనులో గరగర సరేసరి. పుట్టిన బిడ్డ ఆదోని చేరేసరికి గండమైపోయాడు. నాన్న రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. చక్కెరంతా నేలపాలైంది. పొట్లంలో మిగిలింది నేను నాకేశాను.

మర్నాడు పోస్టాఫీసు తెరవగానే నాన్న ఖాలాకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు. ఆమె రాత్రంతా ఫోను పక్కనే కూర్చుని ఉందట. మేం తిరిగొచ్చేసరికి కిటికీ మూసి ఉంది. "నా మాటకు నీ గుండె ఆగిపోయింటే ఎవురు జవాబు సెప్పాల? ఇంగ ఎవురి కబురూ నాకొద్దు," అని లోపలి నుంచే అంది. మా సందుకు నోరు పడిపోయినట్టయింది. ఎమ్మిగనూరులో కాపురముంటున్న టైలరు కూతురి యోగక్షేమం తెలిసేది కూడా ఆ ఫోను వల్లే. టైలరు పెండ్లాం రోజూ వచ్చి ఆ మూసిన రెక్కల ముందు నిలబడి పోయేది.

చివరికి, అమ్మ బిడ్డతో ఆదోని వచ్చాక, నాన్నే మా ఇంట్లో చెంచా తీసుకుపోయి బయటి నుంచి ఊచ మీద కొట్టాడు. "అక్కా, నీకు కబురొచ్చింది. నీ గండం పాలు బాగా తాగుతాండాడు. సూస్తామని అందరూ వచ్చి పోతాండారు, నువ్వొక్కదానివే రాకపోతివి." లోపల గడియ తీసిన చప్పుడైంది. తర్వాత రెక్క తెరుచుకుంది. ఖాలా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "ఇంగమీద నేను విన్నది నేనే మళ్ళీ సెప్తా. ఆ పక్కన మనిషి అవునంటేనే చెంచా ముడతా," అంది.

అన్నట్టే చేసింది. ట్రంకు కాలు కదా, నిమిషాలు అయిపోతున్నాయని ఫోన్ చేసినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "అంత తొందరుంటే బస్సెక్కి వచ్చి సెప్పుపో," అనేది. తర్వాత్తర్వాత వాళ్ళకే అది అలవాటైంది. కబురు చెప్పి, ఆమె మళ్ళీ చెప్పేదాకా తామే ఆగేవాళ్ళు.

ఎనభైలు ముగుస్తుండగా దలాలీ దెబ్బతింది. ఖాలా ముందుగదిలో ఎస్టీడీ బూత్ పెట్టింది. బోర్డు రాసినతను తెలుగులో 'ఎస్టీడీ బూతు' అని రాశాడు. సందంతా పడీపడీ నవ్వింది. "ఉండనీలే, నవ్వనీకి వచ్చినోళ్ళు ఫోను గూడా చేస్తారు," అని ఆమె దిద్దించలేదు. నిజంగానే వచ్చారు. రేపు ఇంటింటికీ ఫోనొస్తే ఏం చేస్తావు ఖాలా అని ఒకసారి అడిగాను. "అందరికీ రానీ బేటీ, మంచిదే గదా. నాకు ఇంగో పని దొరుకుతాది," అంది. స్టార్టప్ పెట్టినవాళ్ళ ఉపన్యాసాలు చాలా విన్నాను. రేపొచ్చే టెక్నాలజీ తమను ఎక్కడ మింగేస్తుందోనన్న భయం ప్రతి మాటలోనూ కనిపిస్తుంది. ఆ భయం లేని మాట నేను విన్నది ఆమె దగ్గరే. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడ్డాక, సందులో ఆడవాళ్ళకు నంబర్లు దాచుకోవడం నేర్పుతూ అదే కుర్చీలో కూర్చుంది.

మా చిన్న కంపెనీ ఇప్పుడు పత్తికొండ టమోటా రైతులకూ వ్యాపారులకూ మధ్య కబుర్లు మోసే యాప్ నడుపుతోంది. సరుకు ఎప్పుడు తేవాలో వ్యాపారి నోటితో చెబుతాడు, రైతు ఒక మీట నొక్కి, విన్నది తిరిగి తన నోటితో చెప్పాలి. అది తీసేద్దామని మా కుర్రాళ్ళు పట్టుబట్టారు. ఒక నొక్కు ఎక్కువైతే జనం పారిపోతారట. నేను వాళ్ళకు గండం కథ చెప్పాను. నవ్వారు. ఆ మీట ఉండిపోయింది. తెర మీద రెండు నీలం గీతలు వస్తే కబురు చేరిందనుకోవడం మన భ్రమ. విన్నవాడి నోట వస్తేనే చేరినట్టు. మా ఆఫీసులో ఆ మీటను అందరూ 'ఖాలా' అనే పిలుస్తారు. ఈ సంగతి ఆమెకు చెప్పినప్పుడు సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు నేను ఆదోని చేరేసరికి అంతా అయిపోయింది. ఖాలా ఇంటి ముందూ, ఎదురుగా మా ఇంటి ముందూ కుర్చీలు వేశారు. తమ్ముడు మా గుమ్మం దగ్గర వచ్చినవాళ్ళకు నీళ్ళు అందిస్తున్నాడు. వాడి జుట్టు నెరిసింది, అయినా ఖాలా చివరిదాకా వాణ్ని గండం అనే పిలిచింది. కిటికీ ఊచ మీద చెంచా తగిలినచోట ఇప్పటికీ రంగు నిలవలేదు.

లోపల ఖాలా మునిమనవరాలు, ఐదేళ్ళది, ఏమీ తోచక చెంచాతో ఆ ఊచ మీద గబగబా కొట్టింది.

"వస్తాండా ఖాలా!" అన్నాడు తమ్ముడు. గ్లాసు కింద పెట్టి రెండడుగులు వేశాడు కూడా. సందు మధ్యలో ఆగిపోయాడు. కుర్చీల్లో వాళ్ళంతా వాడినే చూశారు.

"ఫోను ఎవురికి?" అని అడిగింది పిల్ల. చెంచా మోగితే ఫోనొచ్చినట్టని ఖాలా దానికి చెప్పే ఉంటుంది.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "మా నాయనకు, పాపా."

"ఏమంట?"

"మగపిల్లోడు పుట్టినాడంట. విన్నది మళ్ళీ సెప్పు."

పిల్ల రెండు చేతులతో ఊచలు పట్టుకుని, సందంతా వినబడేలా మళ్ళీ చెప్పింది.