పోచయ్య కిరాయికిచ్చిన ఊరు

సినిమాలో ఊరంతా కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చే సీను మీరు చూసే ఉంటారు. ఆ ఊరంతా తెల్లవారుజామున ఫిల్మ్ నగర్‌లో టీ కొట్టు ముందు ఆవలిస్తూ బస్సు కోసం నిలబడి ఉంటుంది. దానికి సర్పంచు లేడు, పోచయ్య ఉన్నాడు. సినిమాలకు గుంపుల్ని సరఫరా చేయడం ఆయన పని. పెళ్లికి ఎనభై మంది, ధర్నాకు రెండొందలు, శవయాత్రకు ముప్పై. శవాన్ని విడిగా మాట్లాడుకోవాలి.

నేను ఒక మాటల రచయిత దగ్గర సహాయకుణ్ణి. అంటే ఆయన నిద్రపోతుంటే రాసేవాణ్ణి, లేచాక తిట్లు తినేవాణ్ణి. తెర మీద పేరు పడనివాళ్లం కాబట్టి నాకూ పోచయ్యకూ బాగా కుదిరింది.

పదిహేనేళ్ల కిందట పోచయ్య జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాకు తోటమాలి. యజమాని ఆ ఇంటిని షూటింగులకు అద్దెకిచ్చేవాడు. ఒకరోజు పెళ్లి సీనుకు మనుషులు తక్కువైతే మేనేజరు తోటమాలికి సిల్కు లాల్చీ తొడిగి నిలబెట్టాడు. ఎండలో మొక్కలకు నీళ్లు పట్టడం కన్నా చల్లటి హాల్లో అక్షింతలు వేయడం సుఖమని పోచయ్యకు ఆ పూటే జ్ఞానోదయమైంది. రేపు ఇంకో ముగ్గురు కావాలన్నారు. ఆయన ఊరికి ఫోన్ చేశాడు.

సిద్దిపేట అవతల ఎక్కడో ఉంది ఆ ఊరు. ముగ్గురు వచ్చారు, వెనక్కి వెళ్లి బిర్యానీ గురించి చెప్పారు. ఇక చెప్పేదేముంది? ఏటా పదేసి ఇళ్లు కదిలి ఫిల్మ్ నగర్ బస్తీ గదుల్లో సర్దుకున్నాయి. ఊరికి డబ్బు పోయింది, కాదనను. పెంకుటిళ్లు పోయి స్లాబులు లేచాయి, గేట్ల మీద సిమెంటు సింహాలు కూర్చున్నాయి. లోపల మాత్రం ఎవరూ లేరు. నాట్లు వేయడానికి బీహారు నుంచి కూలీలు వస్తున్నారు. ఎక్కేవాళ్లు లేరని బస్సు రావడం మానేసింది. చివరికి మంగలి కూడా గుంపులో చేరిపోయాడు, ఊళ్లో మిగిలినవాళ్లు గడ్డం గీయించుకోవాలంటే పక్క ఊరికి నడవాలి.

వీళ్లందరి మీదా బతికిన మనిషి పోచయ్య అక్క భూలక్ష్మి. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఊరి నడుమ కిరాణా కొట్టు నడుపుతోంది. ఉప్పు, సబ్బు, బీడీలు, పొద్దున్నే టీ. తమ్ముడు తన దగ్గరకు రమ్మంటే రాదు, ఫోన్ చేసి తిడుతుంది.

"సబ్బులు ఎలుకలు తింటున్నయ్‌రా! మందినంత దోలుకపోతివి. ఇప్పుడు నా దుకాణంల తాళంకప్పలొక్కటే అమ్ముడువోతున్నయ్. దసరా దాంక సూస్త, ఆ తర్వాత బందు వెడత."

ఏ డైరెక్టరు ఎంత బూతు తిట్టినా పళ్లికిలించే పోచయ్య, అక్క ఫోన్ వస్తే మాత్రం లేచి నిలబడేవాడు. ఆ కొట్టు మూతపడితే పాపం తనదేనని ఆయనకు తెలుసు.

అలాంటి రోజుల్లో మా డైరెక్టరు శ్రీకృష్ణ గారు ఏసీ కింద కూర్చుని సెలవిచ్చారు. "సెట్ వద్దండీ. రియల్ విలేజ్ కావాలి. కిక్కిరిసిన సంత, నాచురల్ ఫేసెస్!"

గుమ్మం దగ్గర నిలబడ్డ పోచయ్య గొంతు సవరించుకున్నాడు. "మా ఊరున్నది సార్. మస్తు మంది."

ఇంత పచ్చి అబద్ధం మేం రాసిన సినిమాల్లో కూడా లేదు. వారం తర్వాత ఊరు చూడ్డానికి వెళ్తే వీధిలో రెండు కుక్కలూ ఒక మేకా కనిపించాయి.

"జనం ఏరండీ?" అన్నారు డైరెక్టరు గారు.

"పొలాల కాడికి పోయిండ్రు సార్."

"అందరూనా?"

"కష్టజీవులు సార్."

శ్రీకృష్ణ గారి కళ్లు చెమర్చాయి. ఊరు ఖాయమైంది.

తిరిగి వస్తూ పోచయ్య నాకు అసలు సంగతి చెప్పాడు. "బస్సులల్ల మనోళ్లనే తీస్కపోదామన్నా. నాలుగొద్దులు అక్క దుకాణం గలగలలాడ్తది. సొంతిండ్లు సూసుకుంటే పదిండ్లోళ్లన్న ఆడనే ఉండిపోరా? పదిండ్లు సాలు, దుకాణం నడుస్తది."

అలా ఐదు బస్సుల్లో ఊరు ఊరికి వెళ్లింది, రానూపోనూ ఛార్జీలు, భత్యం నిర్మాత ఖాతాలో.

దిగీదిగగానే గొడవ. అసిస్టెంటు చెప్పిన చోట ఒక్కరు నిలబడరు, ఎవరింటి ముందు వాళ్లే. గట్టు తగాదాలో పదేళ్లుగా మాటల్లేని ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టాడు ఆ అమాయకుడు. "వాని అరుగు మీద నేను గూసుంటనా? సస్తె గూసోను!" అని ఒకాయన కెమెరా తిరుగుతుండగా లేచి వెళ్లిపోయాడు. పల్లెటూరు మరీ కొత్తగా ఉందని స్లాబుల మీద గడ్డి కప్పారు, సింహాలకు గోనెసంచులు తొడిగారు. అంతా అయ్యాక డైరెక్టరు గారు నెత్తి కొట్టుకున్నారు. "వీళ్లు పల్లెటూరివాళ్లలా లేరేంటండీ!"

భూలక్ష్మి కొట్టు మాత్రం తిరునాళ్లలా ఉంది. టీ గిన్నె పొయ్యి దిగలేదు. ఆమె ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలిచి, ఇన్నాళ్లూ రానందుకు తిట్టి, మరీ టీ పోసింది. పోచయ్య ఆ అరుగు మీదే కూర్చుని నాలుగు రోజులూ నవ్వుతూనే ఉన్నాడు. నాకూ ఆయన పథకం పారుతుందనే అనిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం షూటింగు ముగిసి ప్యాకప్ చెప్పారు. పోచయ్య ఇల్లిల్లూ తిరిగాడు. "రెండొద్దులు ఉండరాదే" అని బతిమాలాడు. మర్నాడు ఫిల్మ్ నగర్‌లో పెళ్లి సీను ఉంది, భోజనం బాగుంటుందట. ఒక్క ఇల్లూ ఆగలేదు. అందరూ తాళాలు వేసి బస్సెక్కారు.

అప్పుడు భూలక్ష్మి కొట్టు తలుపులు మూసి, చేతిసంచితో బస్సు దగ్గరకు వచ్చింది.

"ఏడికక్కా?" అన్నాడు పోచయ్య.

"నా పేరు గూడ రాస్కో."

"దసరాకు ఇంక మూడు నెలలున్నది గదక్కా!"

"ఒక్కొక్కలు మెల్లగ పోతుంటే నాకు తెల్వకపోయెరా, అలవాటు వడ్డ. ఈ నాలుగొద్దులు అందరు అక్కా అక్కా అని పిల్సిండ్రు. రేపు పొద్దుగాల లేసి ఎవ్వలకు ఛాయ్ వెట్టాలె?"

పోచయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. వస్తానన్న మనిషిని ఆయన వద్దనడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. "నీ పేరు రాయనక్కా. నీ కాళ్లు మొక్కుత, దుకాణం తెరువు."

"ఊరందర్నీ పేరువెట్టి పిల్సి తీస్కపోయినవ్. నన్నొక్కదాన్ని ఎవ్వలకు అప్పజెప్పి పోతవ్‌రా?"

ఆమె తమ్ముణ్ణి పక్కకు నెట్టి బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. నాలుగు రోజులు ఆమె టీ తాగి జోకులు వేసినవాణ్ణి, నాకు ఆమె ముఖం చూడ్డానికి సిగ్గేసింది.

బస్సు కదిలే ముందు పోచయ్య గుంపు జాబితా తెరిచాడు. అందులో ప్రతి మనిషికీ పేరు, ఊరు రాయాలి. చివరన భూలక్ష్మి అని రాశాడు. కళ్లు తుడుచుకుని, ఊరు అన్నచోట ఫిల్మ్ నగర్ అని రాశాడు.