ముక్కాయన పొగాకు సీసా

మా బావని పాల కేంద్రంలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ముక్కాయన అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేసే పని ఒకటే. తెల్లారుతూనే లారీల్లోంచి దిగే క్యాన్ల ముందు నిలబడతాడు. మూత తీయగానే వంగి ఒక్కసారి వాసన చూస్తాడు. బాగుంటే చెయ్యి ఊపుతాడు, లేకపోతే క్యాన్ మెడకి ఎర్రగుడ్డ కడతాడు. లోపల పరీక్షలు చేసే గది లేకపోలేదు. కానీ అక్కడ సంగతి తేలేసరికి పాలన్నీ పెద్ద ట్యాంకులో కలిసిపోయి ఉంటాయి. ఒక్క చెడ్డ క్యాన్ చాలు, ట్యాంకంతా పారబోయాల్సిందే. ఎవరూ కనిపెట్టకపోతే ఇంకా ఘోరం, అవి పిల్లల గ్లాసుల్లోకి వెళతాయి.

ఆ ముక్కు కోసం మా అక్క పడిన అవస్థ అంతా ఇంతా కాదు. ఇంట్లో సెంటు ఉండకూడదు, వాసన సబ్బు ఉండకూడదు, వంటింటి తలుపు తెరిచి ఉండకూడదు. ఇక నేను ముప్ఫై ఏళ్ళుగా పైపు తాగేవాణ్ణి. నన్ను గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. "బామ్మర్దీ, నువ్వు మనిషివి కాదురా, పొగగొట్టానివి. అక్కడే నిలబడి మాట్లాడు" అనేవాడు. సొంత అక్కతో వీధిలోంచి కేకలేసి మాట్లాడినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే అయివుంటాను.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నా కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చి, అద్దాల బల్ల మీద మోచేతులు ఆనించి, "నాకు పైపు తాగడం నేర్పరా" అన్నాడు.

నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఇన్నేళ్ళకి నా దారికొచ్చాడు కదా అని పొంగిపోయానే తప్ప, ఎందుకని అడగలేదు. అంతకు నెల ముందే వారం రోజులు జ్వరంతో పడుకుని లేచాడు, ముఖం ఇంకా పీక్కుపోయే ఉంది. అదీ ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా దగ్గరున్న కొయ్య పైపుల్లో చిన్నది ఒకటి ఇచ్చాను. పొగాకు ఎలా నింపాలో చూపించాను. అడుగున వదులుగా, మధ్యలో కాస్త ఒత్తి, పైన ఇంకాస్త గట్టిగా. వెలిగించకముందే ఓసారి పీల్చి చూసుకోవాలి. గాలి సులువుగా రావాలి, మరీ ఉత్త గొట్టంలా రాకూడదు. మొదటి అగ్గిపుల్లకి పొగాకు పైకి ఉబుకుతుంది. దాన్ని మేకు తలతో నెమ్మదిగా అణిచి మళ్ళీ వెలిగించాలి. పొగ మింగకూడదు, నోట్లోంచే వదలాలి. పొగాకు నింపిన పైపు గిన్నె చేతికి చురుక్కుమంటే పక్కన పెట్టెయ్యాలి, లేకపోతే నాలుక కాలుతుంది.

"కొత్తలో సగం గిన్నే తాగు. తాగిన పైపుకి మర్నాడు సెలవివ్వు" అన్నాను.

"వాసన ఎప్పుడు తెలుస్తుంది?" అన్నాడు.

"ఎప్పుడేమిటి బావా, పొగాకు సీసా మూత తీస్తే చాలు, వీధి వీధంతా తెలుస్తుంది."

ఆయన నవ్వలేదు. రబ్బరు పట్టీ మూత ఉన్న గాజుసీసా నిండా నా పొగాకే పోసి ఇచ్చాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను కూడా. ఎండ తగలని అలమరలో పెట్టు, ఊరికే మూత తీయకు. చిటికెడు నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి, పొడైపోతే ఆరినట్టు, ముద్దగా ఉండిపోతే తడెక్కువైనట్టు. ఆరితే గిన్నెలో పోసి పైన తడిగుడ్డ ఒక గంట కప్పు. పండు తొక్కలూ ముక్కలూ మాత్రం చచ్చినా వెయ్యకు, బూజు పడుతుంది. ఇన్ని చెప్పాను. వినిపించుకుంటేగా!

నెల తర్వాత ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం దాటి లోపలికి వెళ్ళడం కొత్తగా ఉంది. అక్క నన్ను చూడగానే విరుచుకుపడింది.

"నీ దరిద్రం మా ఇంటికి కూడా అంటించావా? ఆ వెనకగదిలోకి అడుగు పెట్టలేకపోతున్నా. తడిసిన గోనెసంచి కంపు. దాన్నెలా తాగుతార్రా మీరు?"

తడిసిన గోనెసంచి అనగానే నాకు అనుమానం వచ్చింది. నా పొగాకు వాసన అది కాదు.

వెనకగదిలో బావ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. సీసా మూత తీసి నా ముఖం ముందు పెట్టాడు. ముక్కు మూసుకుని లోపలికి చూశాను. పైన పొగాకు బాగానే ఉన్నట్టుంది కానీ, గాజుకి ఆనుకుని తెల్లటి నూగు. మధ్యలో నల్లగా ముడుచుకుపోయిన యాపిల్ తొక్క. నేను నోరు తెరిచేలోపు ఆయన సీసా వెనక్కి తీసుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు.

"ఎంత బాగుందిరా" అన్నాడు.

ఊళ్ళోకి వచ్చే పాలన్నీ ఈ ముక్కు కిందుగానే వెళతాయి.

"బావా, నీకు వాసన రావడం లేదు కదూ?"

కళ్ళు తెరిచాడు. తర్వాత సీసా మూత పెట్టేసి, గట్టిగా బిగించాడు, ఇంకేదో బయటికి వచ్చేస్తుందన్నట్టు.

"జ్వరం తగ్గిన రోజు నుంచీ లేదు. అన్నిటికంటే గాఢమైన వాసన నీ పొగాకుదే కదా, అదైనా తెలుస్తుందేమోనని రోజుకి ఇరవైసార్లు మూత తీస్తాను. దాంతో ఎండిపోయింది. ఎవరో తొక్క వెయ్యమన్నారు, వేశాను."

"మరి కేంద్రంలో? రెండు నెలలుగా ఏం చేస్తున్నావు?"

"మూతలు తీసేవాడి ముఖం చూస్తున్నాను" అన్నాడు నేల చూస్తూ. "పదేళ్ళుగా నా పక్కనే ఉన్నాడు. చెడ్డ క్యాన్ అయితే వాడి పైపెదవి కొంచెం లేస్తుంది. అది చూసి ఎర్రగుడ్డ కడతాను."

నాకు కోపం, భయం, జాలి మూడూ కలిసి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక అరిచాను. "పై వాళ్ళకి చెప్పి చావొచ్చుగా!"

"చెబుదామనే ఈ పైపు మొదలెట్టాను. అందరికీ కనబడేలా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. పొగ తాగి ముక్కు పాడుచేసుకున్నాడంటే, మానెయ్యి, అదే వస్తుందంటారు. కొన్నాళ్ళు వేరే పనిలో పెట్టి నా చోటు నాకు ఉంచుతారు. జబ్బుతో పోయిందంటే ఇంటికి పంపించేస్తారు. ముక్కు తీసేస్తే నా దగ్గర ఇంకేముందిరా?"

కళ్ళు మసకబారాయని వచ్చేవాళ్ళకి నేను జోడు పెట్టి పంపిస్తాను. ఈయనకి ఏం పెట్టను?

"రేపటి నుంచి మూతలవాడికి సెలవు. కూతురి పురుడు" అన్నాడు బావ, ఇంకా నేల చూస్తూనే.

"అయితే రేపు నేనూ వస్తాను" అన్నాను.

తెల్లారేసరికి కేంద్రంలో క్యాన్లు దించే అరుగు పక్కన ఇనప కడ్డీల ఇవతల నిలబడ్డాను. మొదటి లారీ వెనక్కి వచ్చి ఆగింది. వరసగా నలభై క్యాన్లు దించారు. మూతలు తీయడానికి వచ్చిన కొత్తతని ముఖం ఉత్త గోడ. మొదటి మూత తీశాడు. బావ వంగాడు. లేచి అతని ముఖం చూశాడు. మళ్ళీ వంగాడు. చెయ్యి లేవలేదు, ఎర్రగుడ్డా కదల్లేదు. వెనక రెండో లారీ హారన్ కొడుతోంది. ఊపెయ్యి, పాలు మంచివే అయివుంటాయి అని నా పాపిష్టి మనసు ఒక్క క్షణం అనుకుంది. ఆ మాట ఒప్పుకోకపోతే ఈ కథ చెప్పే అర్హత నాకు లేదు.

బావ లోపలికి తిరిగి మేనేజర్ని పిలిచాడు. "నాకు వాసన రావడం లేదండీ."

మేనేజర్ మంచివాడు. బావ తెల్లకోటు జేబులోంచి పైకి కనబడుతున్న పైపు చూసి నవ్వాడు. "ఎలా వస్తుంది మరి? ఈ వయసులో కొత్త సరదాలు! మానెయ్యండి ముక్కాయనా, పదిహేను రోజుల్లో అదే దారికొస్తుంది. అందాకా లెక్కల గదిలో కూర్చోండి."

నెలరోజులుగా ఏ మాట కోసం పైపు మోసుకుని తిరిగాడో ఆ మాట వచ్చి చేతిలో పడింది. తల ఊపితే సరిపోయేది. నేను కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

"పైపు వల్ల కాదండీ," అన్నాడు బావ. "జ్వరంతో పోయింది. రెండు నెలలైంది."

మేనేజర్ నవ్వు ఆగిపోయింది. "రెండు నెలలా? మరి ఇన్నాళ్ళూ పాలు ఎవరు చూశారు?"

బావ చెప్పాడు. పైపెదవి సంగతితో సహా ఏదీ దాచలేదు. లారీలు ఆగిపోయాయి. మేనేజర్ ఏమీ తిట్టకుండా తెల్లకోటు విప్పి ఇమ్మని చెయ్యి చాచాడు. తిట్టి ఉంటేనే బాగుండేది.

ఇరవై రోజుల తర్వాత మళ్ళీ పనిలోకి రమ్మని కేంద్రం నుంచి కబురొచ్చింది. వాసన చూసే పని ఇప్పుడు మూతలవాడిది. మూతలు తీసే పని మా బావది. జీతం తక్కువ. ముక్కాయన అనడం మానేసి పేరు పెట్టి పిలుస్తున్నారట. మొదటి వారం ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరగలేదని అక్కతో చెప్పాడు. ఆ మాట నాకు చెబుతూ అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పైపు మాత్రం మానలేదు. బూజు పట్టినది పారబోసి, సీసా వేణ్ణీళ్ళతో కడిగి, ఎండబెట్టి, కొత్త పొగాకు నింపించుకున్నాడు. వాసన తెలియకుండా ఎందుకు తాగుతావు బావా అంటే, చేతికి వెచ్చగా ఉంటుందిరా అన్నాడు. ప్రతి ఆదివారం సీసా పట్టుకుని నా దుకాణానికి వస్తాడు. మూత తీసి నా ముక్కు దగ్గర పెడతాడు.

"పాడైందేమో చూడు."

"లేదు బావా, బ్రహ్మాండంగా ఉంది" అంటాను.

నా మాట వినడు. నా పైపెదవి చూస్తాడు.