అచ్యుతన్ గారి చుక్క

మా అచ్యుతన్ గారు ఇక లేరు. మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో ఆయన ఒంటరిగా ఉంటున్న అపార్ట్‌మెంట్ మేనేజర్ పోయిన నెల ఫోన్ చేసి ఈ దుర్వార్త చెప్పింది. అత్యవసరమైతే పిలవమని ఆయన ఫ్రిజ్ మీద అంటించుకున్న కాగితంలో నా నంబరొక్కటే ఉందట. "మీరు ఆయనకి ఏమవుతారు?" అని అడిగింది. "ఆఫీసులో పక్క సీటు" అన్నాను.

ఆయన మలయాళీ. అమెరికా రాకముందు సికింద్రాబాద్‌లో ఇరవయ్యేళ్ళు ఉద్యోగం చేసినందువల్ల తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. సహధర్మచారిణి దేవకిగారు గతించాక, సంతానం లేని ఆ మనిషికి ఒకే ఒక వ్యసనం మిగిలింది. అది ఒక చుక్క. పాత మలయాళ ముద్రణలో అక్షరం నెత్తిన కూర్చుని ‘ర్’ అని పలికించే గుర్తు. కొన్ని అచ్చుల్లో గుండ్రంగా, కొన్నింట్లో చిన్న నిలువు గీతలా ఉంటుంది. మన వలపలగిలకకు దాయాది అనుకోండి. మలయాళ లిపిని సంస్కరించినప్పుడు అది అచ్చులోంచి తప్పుకుంది. లిపులకు కంప్యూటర్‌లో సంఖ్యలు కేటాయించే కమిటీ చేత దానికీ ఒక సంఖ్య ఇప్పించాలని ఆయన పంతం.

కమిటీకి అచ్చయిన దాఖలా కావాలి. అచ్యుతన్ గారు దేవకిగారి పాత వంటల పుస్తకం తెచ్చి ఆఫీసు స్కానర్ మీద పెట్టారు. పేజీ నిండా నూనె మరక. "రెండు నిమిషాల్లో క్లీన్ చేసేస్తాను సార్" అన్నాను. శాంతమూర్తి అయిన ఆయనకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"అది మా దేవకి చెయ్యి. ముట్టుకోకు."

దరఖాస్తు మరకతోనే వెళ్ళింది. ఆయనలాగే మరికొందరూ అడగగా అడగగా, ఎట్టకేలకు ఆ గుర్తుకు సంఖ్య వచ్చింది.

సంఖ్య వచ్చింది గానీ, దాన్ని చూపించే ఫాంట్ ఎవరి కంప్యూటర్‌లోనూ లేదు. ఆయన మాత్రం సొంతంగా ఒకటి తయారుచేసుకున్నారు. "నాకు కనిపిస్తే ఏం లాభమయ్యా? ఎదుటివాడికి కనిపిస్తేనే అది అక్షరం" అనేవారు. రిటైరయ్యాక ప్రతి సోమవారం ఉదయం నాకు ఒకే ఒక్క మాటతో మెయిల్ పంపేవారు. ఆ వంటల పుస్తకంలోదే, ‘చేర్చి’ అని అర్థం. చుక్క ఉండాల్సిన చోట నాకు ఖాళీ డబ్బా కనిపించేది. "డబ్బానే సార్" అని జవాబిచ్చేవాణ్ణి. దాదాపు ఏడాదిపాటు మా ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంతే.

ఒక సోమవారం ఆఫీసులో లేఆఫ్‌ల గోల, నా హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా తేలలేదు. ప్రాణం విసిగి ఉన్నాను. డబ్బా ఎప్పటిలాగే ఉంది. "కనిపించింది సార్" అని కొట్టి పంపేశాను. నిమిషంలో ఫోన్ మోగింది.

"నిజమా! చుక్క గుండ్రంగా ఉందా, నిలువు గీతలా ఉందా?"

"గుండ్రంగానే ఉంది సార్."

"మంచిది నాయనా. ఇక నిన్ను సతాయించను" అన్నారు.

తర్వాతి సోమవారం మెయిల్ రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, హాయిగా అనిపించింది. మూడో సోమవారానికి వెలితిగా తోచింది. ఫోన్ చేయాలనుకుంటూనే వారాలు గడిపేశాను. ఈలోగా మేనేజర్ ఫోన్ వచ్చింది. వారానికొకసారి తనను పలకరించే ఒకే ఒక మనిషిని, నా అబద్ధంతో, నేనే ఆయనకు లేకుండా చేశాను. ఆయనకు కావలసింది చుక్క ఒక్కటే అనుకున్న మూర్ఖుణ్ణి.

అంతటి నిష్ఠ, అంతటి సహనం గల మనిషిని మళ్ళీ చూడబోను. ఈ వారం నా కంప్యూటర్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది. ఆయన పాత మెయిళ్ళు తెరిచాను. ఒక్క డబ్బా కూడా లేదు. మనసారా నమస్కరించి, ఆయన చివరి మెయిల్‌కి మళ్ళీ జవాబు రాశాను.

"కనిపించింది సార్. గుండ్రంగా లేదు. నిలువు గీత."