క్లిఫర్డ్ ఎడమ చెవి

కాలుగాలిన పిల్లి కూడా కాసేపు ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో క్లిఫర్డ్ టాన్స్‌లీ కూర్చోలేదు. పొద్దున టోస్టు సగం కొరికి పళ్లెంలో పడేసి పెరట్లోకి వెళ్లేవాడు. షెడ్డులో నట్టు సగం బిగించి, ఏదో కావాలని ఇంట్లోకి వచ్చేవాడు. ఎందుకొచ్చాడో గుర్తురాక వంటగదిలో రెండు చుట్లు తిరిగి మళ్లీ షెడ్డుకే వెళ్లేవాడు. తిరిగిన చోటే తిరిగితే పెరటి గడ్డిలో ఓ దారి పడింది. అతని భార్య బెరిల్ ఆ దారిలో బట్టలారేసే కర్ర ఒకటి పాతి చూసింది. దాన్ని చుట్టి ఇంకో దారి పడింది.

షెడ్డులో ఉన్నది పచ్చ కారు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. వాళ్ల ఊరు కావెంట్రీలోనే, క్లిఫర్డ్ ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన ఫ్యాక్టరీలోనే, 1964లో తయారైంది. లైను మీద నుంచి దిగినరోజు దాన్ని విని బయటికి పంపింది కూడా అతనే. పదేళ్ల తర్వాత డిక్కీ తలుపు తుప్పుపట్టి ఎవరింటి ముందో పడి ఉంటే గుర్తుపట్టి తెచ్చుకున్నాడు.

విని పంపడమంటే, అది అక్కడ ఒక కొలువు. ఆ ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి పట్టే కార్బొరేటర్లు రెండు, ఒకటి ముందు, ఒకటి వెనక. రెండూ సమానంగా గాలి పీల్చాలి. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి లాగుతూ ఇంకొకటి నిద్రపోతే బండి ఎలా నడుస్తుందో, అవి సమానంగా పీల్చకపోతే ఇంజనూ అలాగే నడుస్తుంది. అందుకని మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస కార్బొరేటర్ నోట్లో, ఒక కొస చెవిలో పెట్టుకుని లోపల గాలి చేసే 'సుయ్' మనే చప్పుడు వింటారు. రెండిటి చప్పుడూ ఒకటే అయ్యేదాకా స్క్రూలు తిప్పుతారు. రోజుకు నలభై కార్లు. రెండిటినీ ఒకే చెవితో వింటూ, అటూ ఇటూ మెడ తిప్పుకుంటూ కూర్చుంటే పూటకు పదీ అవవు. కాబట్టి క్లిఫర్డ్ తన పద్ధతి తాను కనిపెట్టాడు. కారుకు ఎడమ పక్కన నిలబడి, ముందు కార్బొరేటర్ చప్పుడు ఎడమ చెవికి, వెనకదాని చప్పుడు కుడి చెవికి. అడుగు కదిపేవాడు కాదు. నాలుగు నిమిషాల్లో కారు పిల్లిలా గుర్రుమనేది. ఫ్యాక్టరీలో అతని పేరు పోయి 'చెవి' అన్న పేరు మిగిలింది. పక్క వరసలో, అతనికి ఎడమవైపున, కొత్త ఇంజన్లను పూర్తి వేగంతో పరీక్షించేవారు. మధ్యన గోడ లేదు. ఆ రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకున్నవాడు ఆడంగివాడి కింద లెక్క.

ఇప్పుడా కారు వణుకుతోంది. నిలబెట్టి ఇంజను ఆడిస్తే జ్వరమొచ్చినట్టు ఊగుతోంది. ముందు చక్రం పైరేకు మీద టీ కప్పు పెడితే టీ ఒలుకుతోంది. గొట్టం చెవిలో పెట్టి వింటే మాత్రం రెండూ సమానంగానే ఉన్నాయి! చెవి సరే అంటుంది, రేకు మీద ఆనించిన చెయ్యి కాదంటుంది. చెవి అబద్ధమాడదు కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉండాలి. ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు మార్చాడు. ఇంజను కింద రబ్బరు దిమ్మలు మార్చాడు. గాస్కెట్లు మార్చాడు, పెట్రోలు పంపు విప్పి బిగించాడు. ఏడు వారాలు గడిచాయి.

ప్రతి ఏడాదీ ఏప్రిల్ ఆఖరి ఆదివారం పాతకార్ల క్లబ్బువాళ్లంతా తమ కార్లు వేసుకుని, ప్లమ్ పళ్ల చెట్లు పూతకొచ్చిన ఈవ్‌షామ్ తోటల దాకా వెళ్లొస్తారు. ఇరవై రెండేళ్లలో క్లిఫర్డ్ ఒక్కసారీ మానలేదు. ఈసారి ఆదివారంలోగా కారు కుదురుకోకపోతే దాన్ని అమ్మేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. బాగుచెయ్యలేని బండిని దగ్గర పెట్టుకునే మొహం తనకు లేదు. క్లబ్బు బోర్డుకు గుచ్చడానికి ఓ అట్ట కూడా రాసి పెట్టుకున్నాడు. 'అమ్మకానికి. రెండు సీట్లు. పచ్చ రంగు. అమ్మడానికి కారణం' అని రాసి, అక్కడ ఆపేశాడు. నాలుగు రోజులుగా ఆ అట్ట చొక్కాజేబులోనే ఉంది.

శుక్రవారం పొద్దున పక్కింటి ఆర్నాల్డ్ మాట్రమ్ కంచె మీద నుంచి తల పెట్టాడు. ఫ్యాక్టరీలో రంగులేసే షాపులో చేసినవాడు. ఇద్దరికీ నలభై ఏళ్ల స్నేహం, అంటే నలభై ఏళ్ల ఎత్తిపొడుపులు.

"ఏమోయ్ చెవీ! ఆ దగ్గేది బండా, నువ్వా?"

"నీ కుక్క."

"నా కుక్క పోయి మూడేళ్లయింది. అది కూడా ఇంత బాధపడలేదు పాపం."

"పనుంటే చెప్పు, లేకపోతే పో."

"గాలి కొలిచే మీటరు అమ్ముతున్నారోయ్, కార్బొరేటర్ మూతిమీద పెడితే ముల్లు చూపిస్తుంది. చెవిటివాడు కూడా సెట్ చేసుకోవచ్చంట."

క్లిఫర్డ్ స్పానరు కింద పెట్టాడు. "ముప్పై ఒక్క ఏళ్లు విన్నాన్రా నేను. ముల్లు చూసి తెలుసుకోవాల్సిన గతి నాకు పట్టలేదు."

"పట్టలేదులే. ఆదివారం నా కారు వెనక తాడు కట్టుకుని వద్దువు గాని," అని ఆర్నాల్డ్ తల దించేశాడు.

ఆ కోపంలోనే క్లిఫర్డ్ వేడిగా ఉన్న పొగగొట్టం మొదట్లో చెయ్యి ఆనించాడు. కుడి బొటనవేలు చుర్రుమంది. బెరిల్ వెన్నపూస రాసి, గుడ్డ చుట్టి, "రెండు రోజులు ఈ చెయ్యి కదపొద్దు" అంది. "సరే" అని, ఆమె వెనక్కి తిరగ్గానే షెడ్డుకు పోయాడు.

కుడిచేత్తో గొట్టం పట్టుకోవడం కుదరలేదు. సరేనని ఎడమచేత్తోనే పట్టుకుని, ఎడమ చెవితోనే రెండిటినీ వినబోయాడు. ముందు కార్బొరేటర్ చప్పుడు ఎప్పటిలాగే సన్నగా, నింపాదిగా ఉంది. గొట్టాన్ని వెనకదానికి మార్చాడు. ఏమీ లేదు. గాలి చప్పుడన్నదే లేదు. ఇప్పటిదాకా శుభ్రంగా పాడినది నోరు మూసుకుందేమిటి? గొట్టం ఊది చూశాడు. బాగానే ఉంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ లేదు. ఇంజను మాత్రం ఆగకుండా ఊగుతూనే ఉంది, అంటే గాలి లోపలికి వెళుతూనే ఉంది.

అనుమానం వచ్చింది. ఇంజను ఆపేశాడు. చేతి గడియారం విప్పి ఎడమ చెవికి ఆనించాడు. ఆగిపోయింది. కీ ఇవ్వడం మర్చిపోయానా అని చూస్తే సెకన్ల ముల్లు చక్కగా నడుస్తోంది. మళ్లీ ఆనించాడు. నిశ్శబ్దం. కుడి చెవికి మార్చాడు. టిక్ టిక్ టిక్ టిక్.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏడు వారాలు ఆ కారును తిట్టాడు. ముందుదాని చప్పుడు ఎడమ చెవికి తగ్గి వినిపించేది. అందుకని దాని స్క్రూ ఇంకాస్త తెరిచేవాడు, చెవికి సమానమయ్యేదాకా. చెవికి సమానమయ్యేసరికి ఇంజనుకు వంకర.

బెరిల్ టీ తెచ్చేసరికి అతను తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏడు వారాల్లో అతను కూర్చోవడం ఆమె చూసింది అదే మొదలు.

"పిల్లా," అన్నాడు. పెళ్లికి ముందు డాన్సు హాల్లో పిలిచిన పిలుపు, నలభై మూడేళ్లుగా మారలేదు. "నా ఎడమ చెవి పోయింది."

"తెలుసు."

"తెలుసా?"

"కిందటి చలికాలం నించీ. భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ నీ కుడిపక్కకి మార్చుకున్నాను. చూళ్లేదా?"

"కిటికీలోంచి చలిగాలి వస్తోందన్నావుగా?"

"నీ రోషం తెలిసి అలా అన్నాను."

"మరి చెప్పొద్దూ?"

"చెప్పాను క్లిఫ్. ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఎడమపక్క నించి చెప్పుంటాను."

అతనికి నవ్వు రాలేదు. లేచి అటూ ఇటూ తిరిగాడు. జేబులోంచి అట్ట తీశాడు, పెట్టాడు. ఒక్క చెవితో వింటే సరిపోతుంది కదా అని బెరిల్ అంటే, కుడిదానికి మాత్రం పూచీ ఏమిటని గయ్యిమన్నాడు. ఇన్నాళ్లు సరిగానే వింటున్నాననుకున్నాను, రేపు కుడిది తగ్గినా అలాగే అనుకుంటాను కదా అన్నాడు. బెరిల్ అతని చేతిలోంచి గొట్టం లాక్కుని చెవిలో పెట్టుకుంది.

"ఇంజను వెయ్యి."

"ఇది నీకు..."

"ముప్పై ఏళ్లుగా చర్చి పాటలబృందంలో రెండో గొంతు పాడుతున్నాను. నా పక్కన ఐదుగురు అపశ్రుతులు. వినడం నాకు నువ్వు నేర్పుతావా? వెయ్యి."

వేశాడు. ఆమె ముందుదాన్నీ వెనకదాన్నీ ఒకే చెవితో వింది. "ముందుది కెటిలు ఈల వేసినట్టు వేస్తోంది. వెనకది నిద్దట్లో నువ్వు ఊపిరి తీసినట్టుంది."

"ఎంత తేడా?"

"ఎంతంటే నేనేం చెప్పను? ముందుదాని నోరు ముయ్యి కాస్త."

తిప్పాడు.

"ఇంకాస్త. అబ్బా, అంత కాదు! వెనక్కి. అలా ఉంచు. ఇప్పుడు రెండోదాన్ని లేపు... లేపు... చాలు. ఇద్దరూ ఒకే పాట మీదికొచ్చారు."

బెరిల్ తెచ్చి రేకు మీద పెట్టిన కప్పులో టీ నిలిచింది. అంచు దగ్గర ఒక్క సన్నటి వలయం మాత్రం కదులుతోంది. క్లిఫర్డ్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు. సంతోషించాల్సిన మనిషి ఆ రోజంతా ముభావంగానే ఉన్నాడు. శనివారం కూడా. నిలకడగా ఆడే ఇంజను పక్కన నిలబడి, అది నిజంగా నిలకడగా ఉందో లేదో తనకు తానుగా తెలియక గోళ్లు కొరుక్కున్నాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి, బెరిల్ శాండ్విచ్‌ల కోసం వంటగదిలో బేకను మాంసం వేయిస్తుండగా, ఒక్కసారి చూసి వద్దామని షెడ్డుకు వెళ్లాడు. చూశాడు. చూస్తే ఊరుకోగలిగాడా? గొట్టం తీశాడు. ముందుది ఎడమ చెవికి, వెనకది కుడి చెవికి. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, చేతులే తీసుకెళ్లి పెట్టాయి. ముందుది మరీ తగ్గినట్టు అనిపించింది. పావు చుట్టే కదా అనుకున్నాడు. పావు చుట్టు అయ్యాక ఇంకో పావు.

తొమ్మిదింటికి క్లబ్బు దగ్గర పద్నాలుగు కార్లు బారు తీశాయి. సన్నటి తుంపర. కెనిల్‌వర్త్ ఊరు దాటాక బెరిల్ ఒడిలోని సంచి సర్దుకుని, కొంచెం ముందుకు వంగి, "ఆపు" అంది.

కారు నడిపేవాడికి బెరిల్ ఎడమపక్కన ఉంటుంది. క్లిఫర్డ్‌కి వినపడలేదు. ఆమె అతని మోకాలి మీద గట్టిగా ఒక్కటి చరిచింది.

"ఏంటి?"

"ఆపమన్నాను! పొద్దున దాన్ని ముట్టుకున్నావా?"

"లేదు."

"క్లిఫ్."

"పావు చుట్టు."

"క్లిఫర్డ్."

"సగం."

గడ్డి గట్టు పక్కన ఆపాడు. వెనక వస్తున్న కార్లు ఒక్కొక్కటే హారను కొడుతూ దాటిపోయాయి. ఇంజను ఊగుడుకు అద్దం మీది నీటి చుక్కలు వణుకుతున్నాయి. క్లిఫర్డ్ చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఎదర రోడ్డు చూస్తున్నాడు. "నువ్వు చెప్పింది చాల్లే అనుకుని ఊరుకోలేకపోయాను," అన్నాడు. "ఇన్నేళ్లూ అందరికీ నేను చెప్పాను. ఒకరు చెప్తే నేను తిప్పడం... నా వల్ల కాలేదు పిల్లా. అమ్మేస్తాను."

బెరిల్ కారు దిగింది. చుట్టూ తిరిగి కుడిపక్కకు, అతని మంచి చెవి దగ్గరికి వచ్చింది. శాండ్విచ్‌ల పొట్లం కింద చెయ్యి పెట్టి, సంచిలోంచి రబ్బరు గొట్టం పైకి తీసింది.

"నువ్వు ముట్టుకుంటావని తెలిసే తెచ్చాను. నీకు పోయింది ఒక్క చెవే. నలభై ఏళ్లలో నే నీకు చెప్పినవన్నీ పెడచెవిన పెట్టింది మాత్రం ఈ రెండో చెవే. బానెట్ ఎత్తు."

అతను కదల్లేదు. ఆమె తుంపరలో అలాగే నిలబడింది. అతను దిగి బానెట్ ఎత్తాడు.

గాలి వడపోతలు విప్పుతుంటే, అందరికన్నా వెనకొస్తున్న ఆర్నాల్డ్ కారు వచ్చి పక్కన ఆగింది. అద్దం దించి చూశాడు. బెరిల్ ఇంజను మీదికి వంగి చెవిలో గొట్టంతో, క్లిఫర్డ్ స్క్రూడ్రైవరు పట్టుకుని ఆమె మొహం వంక చూస్తూ.

"ఏమోయ్ చెవీ, ఏంటిది? చెవి మారిందా?"

క్లిఫర్డ్ నోరు తెరిచాడు. ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఎత్తిపొడుపు రాలేదు. "మారింది," అన్నాడు. "నువ్వు పో. నీ ఇంజను చప్పుడుకి ఆవిడకి వినపడట్లేదు."

ఆర్నాల్డ్ అద్దం ఎత్తుకుని పోయాడు.

"ముందుది ముయ్యి," అంది బెరిల్. "ఇంకాస్త. చాలు. చాలంటే చాలు! చెయ్యి తీసెయ్యి."

తీసేశాడు. అద్దం మీది చుక్కలు నిలిచాయి.

ఆ స్క్రూడ్రైవరు ఆమె అడిగి తీసుకుని తన సంచిలో వేసుకుంది. వార్విక్ దాటేదాకా అతని కుడిచెయ్యి ఖాళీగా తొడ మీద దరువు వేస్తూనే ఉంది. మెలికల దగ్గర స్టీరింగు మీదికి వెళ్లి, మళ్లీ తొడ మీదికి వచ్చేది. తల ఆమె వైపు తిప్పి, కుడి చెవికి ఆమె మాట అందేలా చూసుకుని, ప్రతి మైలుకూ అడుగుతూనే ఉన్నాడు.

"ఏమంటోంది?"

"బాగానే ఉంది."

"ఇంకేమీ వినపడట్లేదా?"

"నా పక్క తలుపు అద్దం గడగడలాడుతోంది. ఇంటి దగ్గర నుంచీ. రోడ్డు చూసి నడుపు."

"అద్దమా? నాకేం..." అని ఆగిపోయాడు. చొక్కాజేబులోంచి అట్ట తీసి ఆమెకిచ్చాడు. బెరిల్ దాన్ని చదివింది. నాలుగు మడతలు పెట్టి, అద్దానికీ తలుపుకీ మధ్య సందులో కుక్కింది.

"ఇప్పుడు?" అన్నాడు క్లిఫర్డ్.

ఆమె వింది. "ఇప్పుడు లేదు," అంది.